గోలు కొట్టడం నేర్పడానికి వచ్చిన ఫుల్‌బ్యాక్

మా ఆయన కాలు విరగ్గొట్టిన మనిషి మా కార్ఖానా ఫుట్‌బాల్ టీముకు కోచ్‌గా వస్తున్నాడన్న కబురు నాకు బడిలో తెలిసింది. మధ్యాహ్నం పిల్లలు అన్నానికి ఇళ్లకు పోయిన వేళ. క్రేన్ ఆపరేటరు సైకిలు గోడకు ఆనించి, కిటికీ ఊచలు పట్టుకొని నిలబడ్డాడు. అతను మా ఆయనకు దగ్గరి దోస్తు. మా టీము ఎక్కడ ఆడినా అక్కడ ముందు వరుసలో నిలబడి గొంతు పోయేదాకా అరిచే మనిషి.

"వదినా, ఇన్నవా? కొత్త కోచ్ వస్తుండట. ఉత్త ఫార్వర్డ్ లైనుకేనట. గోల్లు కొట్టుడు నేర్పుతడట."

"మంచిదే గదా," అన్నాను.

"ఏం మంచిది వదినా! ఎవలనుకున్నవు? గా లష్కర్ ఫుల్‌బ్యాకు. అన్న కాలు ఇరగ్గొట్టిన కసాయోడు."

నేను చేతిలో సుద్దముక్క బల్ల మీద పెట్టి, చేతులు చీర కొంగుకు తుడుచుకున్నాను. "మీ అన్నకు తెలుసా?" అని అడిగాను.

"నేనెట్ల చెప్పాలె? నువ్వే చెప్పు," అని సైకిలెక్కి వెళ్లిపోయాడు.

ఇది డెబ్బైల మొదట్లో మాట. పటాన్‌చెరుకు ఇవతల, బొంబాయి రోడ్డుకు కొంచెం లోపలగా మా కార్ఖానా ఉండేది. యంత్రాల విడిభాగాలు చేసేవారు. పొలాల్లో గోడ కట్టి, షెడ్లు వేసి, పక్కనే క్వార్టర్లు, ఒక చిన్న బడి కట్టారు. నేను ఆ బడిలో టీచరును. మా ఆయన మెషిన్ షాపులో టర్నరు. సాయంత్రం షిఫ్టు దిగిన మనిషికి ఏం చేయాలన్నా పట్నం పోవాల్సిందే. లింగంపల్లి దాకా నడిచి రైలెక్కాలి, లేకపోతే రోడ్డు మీద నిలబడి బస్సు కోసం చూడాలి. అందుకే ఫుట్‌బాల్ అంటే అంత పిచ్చి. మలయాళీలు, బెంగాలీలు, పట్నం వాళ్లు, చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు, షాపు ఫ్లోరు మీద ఒకరి మాట ఒకరికి సరిగా అర్థం కాకపోయినా, గ్రౌండు దగ్గర అందరిదీ ఒకటే అరుపు.

ఆ గ్రౌండు అంతకుముందు జొన్న చేను. బీరంగూడ పటేలు ఒకాయనది. కార్ఖానాకు భూమి పోయాక ఆయన మిగిలిన కాస్త మెట్ట చెలక చేసుకుంటూ, ప్రతి మ్యాచ్‌కూ భుజాన తువ్వాలతో వచ్చేవాడు. ఎప్పుడూ ఒకే మూల నిలబడేవాడు. అక్కడ తన మోట బావి ఉండేదని చెప్పేవాడు. మావాళ్లు గోలు తప్పిస్తే, "నా చెల్కల ఆడుకుంట గోలు కొట్టస్తలేదారా మీకు?" అని తిట్టేవాడు. ఆయన తిట్టకపోతే ఆటగాళ్లకు కూడా తోచేది కాదు.

మా ఆయన ఆ టీముకు సెంటర్ ఫార్వర్డ్. సంగారెడ్డి దగ్గరి పల్లెలో మావీ వాళ్లవీ పక్కపక్క ఇళ్లు. రెండిళ్ల వాళ్లమూ ఒకే చర్చికి పోయేవాళ్లం. ఆయన మిషను బడిలో చదువుకుంటూ అక్కడే బంతి తన్నడం నేర్చుకున్నాడు. కార్ఖానాలో ఉద్యోగం కూడా ఆ కాలు చూసే ఇచ్చారని అందరూ అనేవారు. ఆయన మనిషి పొట్టి, మాట తక్కువ. బంతి కాలికి తగిలిందంటే మాత్రం ఎటు తిరుగుతాడో ఎవరికీ అంతుపట్టేది కాదు.

మా పెళ్లయిన మొదటి సంవత్సరమే పట్నంలో ఫైనల్ ఆడారు. నేను కూడా లారీలో వెళ్లాను. ఆడవాళ్లం నలుగురైదుగురం ఒక పక్కన కూర్చున్నాం. ఎదుటి టీములో, గోలు ముందు నిలబడి ఫార్వర్డ్‌లను ఆపే ఆ ఫుల్‌బ్యాకు ఉన్నాడు. ఎత్తుగా, చెంపల మీద మచ్చలతో, తల నున్నగా దువ్వుకొని ఉండేవాడు. సికింద్రాబాద్ మనిషి; ఆ ఊరిని మావాళ్లు లష్కర్ అనేవారు. మా ఆయన అతన్ని రెండుసార్లు దాటి పోయాడు. మూడోసారి దాటుతుండగా అతను బంతికి కాకుండా మనిషికి అడ్డం పడ్డాడు. ఎముక విరిగిన చప్పుడు విన్నామని తర్వాత చాలామంది చెప్పారు. నేను వినలేదు. ఆయన లేవకపోవడం మాత్రం చూశాను.

ఉస్మానియా దవాఖానాలో చాలాకాలం ఉంచారు. కట్టు విప్పాక కాలు కొంచెం వంకరగా అతికిందని తెలిసింది. నడవగలిగాడు గానీ కుంటు మిగిలింది. లేతు ముందు గంటల తరబడి నిలబడలేడని టూల్ రూముకు మార్చారు; కూర్చుని చేసే పని. ఆయన బూట్లు నేను తుడిచి పెట్టెలో దాచాను. ఆయన ఒకరోజు చూసి, "ఎవరికన్న ఇయ్యి, పనికొస్తయి," అన్నాడు. పైకి ఆయన చూపించిన బాధ అంతే.

బాధంతా మిగతావాళ్లు పడ్డారు. ఆదివారం ఆరాధన అయ్యాక మా ఇంటికి జనం వచ్చేవారు. క్రేన్ ఆపరేటరు, కాంటీనులో వంట చేసే మలయాళీ, బీరంగూడ పటేలు, ఇంకా ఎవరెవరో. ఛాయ్ తాగుతూ ఆ ఫైనల్ మళ్లీ మొదటి నుంచి చెప్పుకొని ఆ ఫుల్‌బ్యాకును తిట్టుకునేవారు. మా ఆయన గోడకు ఆనుకొని వినేవాడు. ఆయన లేని టీము కొన్నేళ్లపాటు గోల్లు కొట్టలేకపోయింది. ఒక సీజనులో దాదాపు అన్ని మ్యాచ్‌లూ సున్నాకే ముగిశాయి. డిఫెన్సు బాగానే ఉంది, ముందు వరుస వట్టిపోయింది. అందుకే కార్ఖానా స్పోర్ట్స్ సెక్రటరీ ఫార్వర్డ్‌లకు విడిగా ఒక కోచ్ కావాలని వెతికాడు. వెతికి వెతికి ఆట మానేసిన ఈ ఫుల్‌బ్యాకును పట్టుకొచ్చాడు.

క్రేన్ ఆపరేటరు కబురు తెచ్చిన ఆ సాయంత్రం మా ఆయన ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కుంటుండగా చెప్పాను. ఆయన చెంబు కింద పెట్టకుండా అలాగే కాసేపు పట్టుకున్నాడు.

"ఎన్నడొస్తడట?"

"వచ్చే వారమట. మనోళ్లంత లొల్లి చేస్తున్నరు."

"చెయ్యని," అని కాళ్లు తుడుచుకొని లోపలికి వచ్చి అన్నానికి కూర్చున్నాడు.

లొల్లి చిన్నదేం కాదు. కాంటీనులో ఇదే మాట. కార్ఖానా గోడ మీద బొగ్గుతో ఎవరో, వచ్చిన దారినే తిరిగి పొమ్మని, 'కసాయి వాపస్ జావ్' అని రాశారు. మెషిన్ షాపు ఆటగాళ్లు ఇద్దరు ప్రాక్టీసుకు రామని చెప్పారు. ఆదివారం మా ఇంట్లో చెప్పులు విడవడానికి చోటు లేదు. క్రేన్ ఆపరేటరే అందరి తరఫునా మాట్లాడాడు.

"అన్నా, నువ్వు ముంగట నిల్సో. నువ్వు కాదంటే సెక్రటరీ గూడ ఏం చెయ్యలేడు. నీ కాలు సూపెట్టి అడుగుదాం."

మా ఆయన ఛాయ్ కప్పు పక్కన పెట్టాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు.

"గాయన ఎన్ని ఏండ్లు ఆడిండు? అన్నేండ్లు ఫార్వర్డోళ్లనే ఆపిండు. ఫార్వర్డోడు ఏడ తప్పు చేస్తడో గాయనకు ఎర్కున్నంత ఇంకెవరికి ఎర్క?"

"అంటే ఏందన్నా, నీకు కోపం లేదా?"

"నేను కోపం లేదన్ననా? గోల్లు కావాల్నా వద్దా అంటున్న."

ఎవరికీ ఆ మాట నచ్చలేదు. కాంటీను మలయాళీ తల అడ్డంగా ఊపుతూ తన భాషలో ఏదో గొణుక్కున్నాడు. పటేలు తువ్వాల దులిపి లేచాడు. "నీ కాలు, నీ ఇష్టం. మేమైతే ఆని మొకం సూడం," అన్నాడు.

చూడలేదు కూడా. కొత్త కోచ్ వచ్చాక జరిగిన మొదటి మ్యాచ్‌కు జనం అందరూ వచ్చారు గానీ, ఆట మొదలవగానే గ్రౌండుకు వీపు తిప్పి నిలబడ్డారు. క్రేన్ ఆపరేటరు ఆలోచన అది. నేను బడి పిల్లలతో వెళ్లాను. ఎదుటి పక్క నుంచి చూస్తే వింతగా ఉంది: అంత జనం, ఒక్క మొహం లేదు, అన్నీ చొక్కాల వీపులే. రెఫరీ ఈల ఊదడం మరచి వాళ్ల వైపే చూశాడు. కోచ్ సైడు లైను దగ్గర చేతులు కట్టుకొని నిలబడ్డాడు. అతనొక్కడే వాళ్ల వైపు చూడలేదు.

వీపు తిప్పినా చెవులు గ్రౌండులోనే ఉన్నాయి. బంతి గట్టిగా తన్నిన చప్పుడు వచ్చినప్పుడల్లా ఆ వరుస కొంచెం కదిలేది. "ఏమైందిరా?" అని పటేలు, ఆట చూస్తూ నాతో ఆ పక్కకు వచ్చిన మా పిల్లల్ని అడిగాడు. "రైటు మీదికెళ్లి పోతున్రు తాతా," అన్నారు వాళ్లు. "ఎవరూ?" "మనోళ్లే." ఇక ఆయన వల్ల కాలేదు. మెడ ఒక్కటే తిప్పాడు, తర్వాత భుజం, తర్వాత మనిషంతా తిరిగి, "ఇయ్యిరా! నడిమిట్లకు ఇయ్యి!" అని అరిచాడు. ఆయనతో పాటు సగం మంది తిరిగారు. గోలు పడలేదు. అయినా ఆ తర్వాత మళ్లీ వీపు తిప్పడానికి అందరికీ సిగ్గేసింది. క్రేన్ ఆపరేటరు ఒక్కడే చివరిదాకా అట్లాగే నిలబడ్డాడు. ఇంటికి పోతూ మాత్రం ఎవరెవరు ఎట్లా ఆడారో అడిగి తెలుసుకున్నాడు.

ప్రాక్టీసు చూడటానికి కూడా జనం పోయేవారు, ఎగతాళి చేయడానికి. మా ఆయన మొదటి రోజే వెళ్లి గోలు స్తంభం వెనక రాతి మీద కూర్చున్నాడు. నేను బడి నుంచి ఇంటికి పోయే దారి అదే. కోచ్ ఆయన్ను చూశాడు. ఇద్దరూ పలకరించుకోలేదు.

అతని పద్ధతి ఎవరూ ఎరగనిది. బంతి ఇవ్వకుండా ఫార్వర్డ్‌లను నక్కవాగు ఇసకలో అడ్డదిడ్డంగా ఉరికించేవాడు. తర్వాత గ్రౌండుకు తెచ్చి, తానే గోలు ముందు ఫుల్‌బ్యాకులాగ నిలబడేవాడు. "నన్ను దాటుండ్రి," అనేవాడు. అప్పటికే పొట్ట వచ్చిన మనిషి. అయినా ఎవరూ దాటలేకపోయేవారు. బంతి గుంజుకొని, ఎందుకు దొరికిపోయారో చెప్పేవాడు.

"నువ్వు యాడికి పోతవో నీ కండ్లు ముందే చెప్తున్నయి. నేను బాల్ సూస్తలే, నీ కండ్లు సూస్తున్న. జెర మోసం చెయ్యి నాయనా, ఆటల మోసం చేస్తే పాపం కాదు."

పాశమైలారం నుంచి వచ్చి ఫౌండ్రీలో పనిచేసే ఒక యువకుణ్ని అతను సెంటర్ ఫార్వర్డ్‌గా నిలబెట్టాడు. సన్నగా ఉండేవాడు, వాడు పనికిరాడని అందరూ అనుకునేవారు. వారాలు గడిచాక ఒక సాయంత్రం వాడు కోచ్‌ను ఎడమకు ఒంగినట్టు మోసం చేసి కుడి నుంచి దాటి గోలు కొట్టాడు. ఎగతాళి చేయడానికి వచ్చినవాళ్లు చప్పట్లు కొట్టారు. రాతి మీద కూర్చున్న మా ఆయన కూడా ఒక చేత్తో తొడ మీద కొట్టుకున్నాడు. కోచ్ గడ్డిలో పడి లేస్తూ నవ్వాడు. అతను నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి.

గోల్లు రావడం మొదలైంది. ఒకటి, రెండు, ఒకసారి నాలుగు. గోడ మీది బొగ్గు రాత వానకు పోతే ఎవరూ మళ్లీ రాయలేదు. సగం మంది అతన్ని ఉస్తాద్ అనసాగారు. మిగతా సగానికి అతను కసాయే. కాంటీనులో రెండు బల్లలయ్యాయి. ఉస్తాద్ బల్ల మీద కూర్చున్నవాడికి కసాయి బల్ల నుంచి చక్కెర డబ్బా రాదు. ఇదంతా మా ఆయన వచ్చి చెప్తుంటే నాకు నవ్వొచ్చేది. కానీ నవ్వితే లోపల ఏదో గుచ్చుకునేది. అందరూ అతని మంచి చెడ్డలు తేల్చుకుంటున్నారు. నేనే తేల్చుకోలేకపోతున్నాను.

కోచ్‌కు మా వెనక వరుసలో క్వార్టరు ఇచ్చారు. ఒంటరిగా ఉండేవాడు, భార్య పోయిందని విన్నాను. పొద్దున నల్లా దగ్గరికి తానే బకెట్టు పట్టుకొచ్చేవాడు. ఆడవాళ్ల మధ్య నిలబడలేక దూరంగా చెట్టు కింద నిలబడి, అందరూ అయిపోయాక వచ్చేవాడు. ఒకరోజు కావాలనే నేను వెనకబడ్డాను. నా బిందె నిండుతుంటే అతను వచ్చాడు. నన్ను చూసి ఆగిపోయాడు. నేనెవరో అతనికి తెలుసు.

"ఒక మాట అడుగుతా," అన్నాను. "ఆ దినం కావాలనే తన్నిన్రా?"

అతను బకెట్టు కింద పెట్టాడు. తప్పించుకుంటాడనుకున్నాను.

"తన్నిన. బాల్ దొరకదని ఎర్కైంది. మనిషి దొరికిండు."

"కాలు ఇరుగుతదని తెల్వదా?"

"ఇరగాలని కొట్టలేదమ్మా. ఆగాలని కొట్టిన." బకెట్టు నల్లా వైపు జరుపుతూ, "నీకు రెండు ఒకటే, నాకెర్కే," అన్నాడు.

"గట్లయితే ఒక్కనాడన్న మాఫ్ చెయ్యమని ఎందుకడగలే?"

"అడిగితే గాయననే అడగాలె. నిన్నడిగి ఏం లాభం? రోజు గా రాయి మీద కూసుంటడు. పోదామనుకుంటా. కాళ్లు రావు."

బిందె నిండి నీళ్లు పారిపోతున్నాయి. నేను ఎత్తుకొని వచ్చేశాను. అతను అబద్ధం చెప్పి ఉంటే ద్వేషించడం నాకు సులువయ్యేది. ఇంటికొచ్చి మా ఆయనకు జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన కోప్పడలేదు.

"కావాలనే అని నాకు అప్పుడే ఎర్క. తన్నేటప్పుడు గాయన బాల్ సూస్తలేడు, నన్నే సూస్తుండు," అన్నాడు. అన్నేళ్లలో ఆయన ఆ క్షణం గురించి నాతో మాట్లాడటం అదే మొదటిసారి.

ఆ సీజనులో మావాళ్లు పట్నంలో జరిగిన కార్ఖానాల టోర్నమెంటులో సెమీఫైనల్ దాకా పోయారు. ఎదురు పడింది కోచ్ పాత టీమే. లారీలు కట్టించుకొని పోయాం. ఆదివారం కావడంతో మా చర్చి అయ్యగారు ప్రసంగం తొందరగా ముగించి తానూ లారీ ఎక్కారు. పటేలు కొత్త ధోవతి కట్టుకొచ్చాడు. క్రేన్ ఆపరేటరు లారీ డబ్బా మీద కొడుతూ దారంతా అరిచాడు. అప్పటికి అతను కూడా గ్రౌండు వైపే తిరిగి చూస్తున్నాడు గానీ, కోచ్‌ను మాత్రం కసాయే అనేవాడు.

ఆట బాగా సాగింది. మొదట వాళ్లు ఒక గోలు వేశారు. రెండో సగంలో మా పాశమైలారం యువకుడు ఇద్దరిని దాటుకొని సమానం చేశాడు. మా పక్క గోల ఆగలేదు. వాడు మళ్లీ మళ్లీ చొచ్చుకుపోతున్నాడు. ఇంకో గోలు రావడం ఖాయమనిపించింది. సరిగ్గా అప్పుడు కోచ్ లేచి, చేయి ఊపి, వాణ్ని బయటికి పిలిచి ఇంకొకణ్ని లోపలికి పంపాడు.

మొదట ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత మా వరుసల్లోంచి తిట్లు లేచాయి. "పిచ్చి లేసిందా నీకు? ఆడేటోన్ని తీస్తవా?" ఆ కుర్రవాడు కూడా ఏడుపు మొహంతో కోచ్‌ను అడుగుతున్నాడు. కోచ్ వాణ్ని భుజం పట్టి బెంచీ మీద కూర్చోబెట్టాడు. మా ఆయన నా పక్కనే ఉన్నాడు. ఆయన తిట్టలేదు. ముందుకు ఒంగి ఎదుటి టీము ఫుల్‌బ్యాకును చూస్తున్నాడు.

ఆట అయిపోతుందనగా వాళ్లు రెండో గోలు వేశారు. ఓడిపోయాం.

గ్రౌండు బయట లారీల దగ్గర జనం కోచ్‌ను చుట్టుముట్టారు. ఎవరో రాయి విసిరారు. అది లారీ తలుపుకు తగిలింది. క్రేన్ ఆపరేటరు అతని కాలరు పట్టుకున్నాడు.

"అమ్ముకున్నవ్ గదా మ్యాచ్! నీ పాతోళ్లకు అమ్ముకున్నవ్!"

కోచ్ చేతులు ఎత్తలేదు. చూస్తుండగానే నా పక్కన మా ఆయన లేడు. కుంటుకుంటూ ఆ గుంపులోకి దూరాడు. ఆయన్ను చూసి జనం దారిచ్చారు. ఆయనైనా ఇప్పుడు కొడతాడని కొందరు అనుకున్నారేమో.

"ఇడువు," అన్నాడు క్రేన్ ఆపరేటరుతో.

"అన్నా, నువ్వు సూసినవ్ గదా..."

"సూసిన. నువ్వే సూడలే. వాళ్ల ఫుల్‌బ్యాకు బాల్ సూసుడు బంద్ చేసిండు. పోరన్నే సూస్తుండె. ఇంకో పారి లోపలికి పోతే వాని కాలు పోతుండె."

"నీకెట్ల ఎర్కన్నా?"

"నాకు గాక ఇంకెవరికి ఎర్కుంటది?" మా ఆయన గొంతు అంత పైకి లేవడం నేనెప్పుడూ వినలేదు. "నన్ను గట్ల బయటికి పిలిచినోడు ఒక్కడుంటే నేనియ్యాల ఆడుతుందును."

క్రేన్ ఆపరేటరు కాలరు వదిలాడు గానీ మొహం గంటు పెట్టుకొనే ఉన్నాడు. పటేలు ఆ యువకుడి భుజం మీద తన తువ్వాల కప్పి, "ఓడినా పాయె. పోరడు నడుసుకుంట ఇంటికి పోతుండు," అని లారీ ఎక్కించాడు.

ఇంతటితో అందరి మనసులు మారాయని చెప్పలేను. కసాయి బల్ల వాళ్లలో చాలామంది, మా ఆయనది మెత్తని గుండె గనక వెనకేసుకొచ్చాడన్నారు. మ్యాచ్ అమ్ముడుపోయిందన్న మాట కార్ఖానాలో తిరుగుతూనే ఉంది. క్రేన్ ఆపరేటరు కొన్నాళ్లు మా ఇంటికి రావడం మానేశాడు. సెక్రటరీ కూడా, ఇంత గొడవెందుకని, సీజను ముగియగానే కోచ్‌ను పంపించేశాడు.

వెళ్లే ముందు కోచ్ మా ఇంటికి వచ్చాడు. సాయంత్రం, మా ఆయన షిఫ్టు దిగివచ్చి కూర్చున్న వేళ. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, లోపలికి రావచ్చా అన్నట్టు నిలబడ్డాడు. మా ఆయన కుర్చీ జరిపాడు. నేను ఛాయ్ పెట్టి ఇచ్చాను. ఇద్దరూ కాసేపు ఆ యువకుడి గురించి మాట్లాడుకున్నారు. వాడి ఎడమ కాలు బలహీనమని, గోడకు బంతి కొట్టించమని కోచ్ చెప్పాడు. తర్వాత కప్పు కింద పెట్టి, "గా దినం..." అని మొదలుపెట్టాడు.

"తెల్సు," అన్నాడు మా ఆయన. "ఛాయ్ తాగుండ్రి, సల్లారుతది."

అతను తాగాడు. లేచి, నాకు నమస్కారం పెట్టి, మా ఆయన చేయి రెండు చేతులతో పట్టుకొని వదిలి వెళ్లిపోయాడు. పట్నం వైపు బస్సెక్కాడని తర్వాత ఎవరో చెప్పారు. మళ్లీ మేం అతన్ని చూడలేదు.

"పాపం, చెప్పనియ్యకపోతిరి," అన్నాను నేను కప్పులు తీస్తూ.

"చెప్తే మాఫ్ చేసిన అనాలె గదా. గది నా నోటికి రాలే. రానిది ఎట్లంటా?" గుమ్మం వైపు చూసి, "గీ మాట అయ్యగారికి చెప్పకు," అన్నాడు.

నేను చెప్పలేదు. క్షమించమని ప్రతి ఆదివారం వినే మనిషి అట్లా అన్నాడని నాకు కష్టమూ కలగలేదు. జనం మధ్యకు దూరి అతని పక్కన నిలబడ్డవాడు ఈయనే. నోటితో అనలేకపోయిన దాన్ని ఆ రోజే చేసేశాడేమోనని ఒకసారి అనిపించేది, కాదేమో, ఆయన వెనకేసుకొచ్చింది ఆ కుర్రవాడి కాలికి రాబోయే ముప్పును సరిగ్గా చూసిన కళ్లనే గాని కోచ్ అన్న మనిషిని కాదేమోనని ఇంకోసారి అనిపించేది. ఆయన్ను అడగలేదు.

ఆదివారాలు మా ఇంటికి వచ్చే జనం బాగా తగ్గారు. తిట్టుకోవడానికి మనిషి లేకపోయేసరికి ఛాయ్‌కు కూర్చోవడానికి కారణం లేకపోయింది. మొదట్లో ఇల్లు బోసిపోయినట్టుండేది. ఆయన మాత్రం రోజూ గ్రౌండుకు పోయి ఆ యువకుడి చేత గోడకు బంతి కొట్టించేవాడు. వాడు కొన్నేళ్లలో మంచి పేరు తెచ్చుకొని పట్నం టీముకు పోయాడు.

క్రేన్ ఆపరేటరు తన కూతుర్ని బడిలో వేయడానికి వచ్చినప్పుడు మళ్లీ మాటలు కలిశాయి. "వదినా, అన్న ఇంట్లున్నడా?" అని అడిగాడు. సాయంత్రం వచ్చి కూర్చున్నాడు. ఛాయ్ చేతికివ్వగానే, "గిప్పుడన్న నిజం చెప్పన్నా, గా పోరన్ని తియ్యకుంటే గెలుస్తుంటిమా లేదా?" అన్నాడు.

"గెలుస్తుంటిమేమో," అన్నాడు మా ఆయన. "కాలు పోతుండె."

"పోతుండెనో లేదో, నువ్వెట్ల చెప్తవు?"

ఆ మాట తేలలేదు. ఇద్దరూ రిటైరయ్యేదాకా, వారానికి ఒకసారైనా, ఆ సెమీఫైనల్ మా వసారాలో మళ్లీ ఆడేవారు. మొదట్లో నేనూ మధ్యలో ఏదో ఒకటి అనేదాన్ని. తర్వాత తర్వాత ఛాయ్ ఇచ్చి, పిల్లల నోటుబుక్కులు దిద్దుకోవడానికి లోపలికి పోయేదాన్ని.